పడవల కోసం తవ్విన కాలువ: కర్నూలు కడప కాలువ చరిత్రలో మరుగున పడిన సంగతులు

కాలువల నగరం అనగానే మన సాహిత్య విద్యార్థులకు వెనిస్ గుర్తుకొస్తుంది. షేక్స్పియర్ నాటకం పుణ్యమా అని ఆ పట్టణం మనకు చూడకుండానే పరిచయం. తెలుగు దేశంలో అయితే బెజవాడ గుర్తుకొస్తుంది. కర్నూలు ఎవరికీ గుర్తుకు రాదు. అయినా నూట యాభై యేళ్ళకు పైబడి ఒక పెద్ద కాలువ ఆ పట్టణం మధ్యనుంచి పోతూనే వుంది. పట్టణంలోనే ఆ కాలువ హంద్రీ నదిని కింద వదిలేసి, కమానుల వంతెన మీదుగా పైనుంచి దాటుతుంది. ఏరు కింద, కాలువ పైన. ఏడాదిలో చాలా నెలలు కింద ఏట్లో ఇసుకే కనబడుతుంది.

ఆ పట్టణం పేరు వెనుక ఒక కథ చెప్పుకుంటారు. అలంపురం గుడికి రాళ్ళు తోలే బండ్లు తుంగభద్ర దాటేముందు యిక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవట. అందుకే కందెనవోలు అయిందట. ఈ వ్యుత్పత్తిని భాషాశాస్త్రం ఒప్పుకుంటుందా లేదా అన్నది వేరే చర్చ. అయితే జనం మనసులో కర్నూలు బండ్ల వూరు. అటువంటి బండ్ల వూరికి 1860 దశకంలో పడవలు నడిపే కాలువ వచ్చింది. సీమలో పడవలా అని నవ్వేవారు వుంటారు. కె.సి. కెనాల్ అని మనం పిలుచుకునే యీ కర్నూలు కడప కాలువను నీటిపారుదలతో పాటు సరకు రవాణా కోసం తవ్వారన్నది చరిత్ర. పడవలు దిగడానికీ ఎక్కడానికీ లాకులు కట్టిన కాలువ యిది.

ఇది తవ్వింది ఎవరు? తరగతిలో యీ ప్రశ్న వేస్తే 'డచ్చివాళ్ళు' అని సమాధానం వస్తుంది. పిల్లల తప్పేమీ లేదు. పెద్దలూ అదే చెబుతారు. నీటిపారుదల శాఖ వారి పరిచయ వాక్యాల్లో, పత్రికల ప్రత్యేక సంచికల్లో డచ్చి కంపెనీ ప్రస్తావన పదే పదే కనిపిస్తుంది. కాని డచ్చివారు మన కోస్తాలో పులికాటులో, మచిలీపట్నంలో, భీమునిపట్నంలో వర్తకం చేసి, 1824 నాటి ఒడంబడిక ప్రకారం తమ స్థావరాలన్నిటినీ 1825లో ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళిపోయారు. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట లేచేనాటికి వాళ్ళు మన దేశం వదిలి మూడున్నర దశాబ్దాలు దాటింది. ఈ కాలువ తవ్వింది లండన్లో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. అది అచ్చమైన ఇంగ్లీషు వాటాదారుల కంపెనీ.

ఇది చిన్న పొరపాటే కదా, ఇంగ్లీషువాడయితేనేం డచ్చివాడయితేనేం అనవచ్చు. నేను అలా అనుకోను. కాలువ అంటే హాలెండు అన్న వూహ ఒకటి యీ కథకు దారి తీసి వుండవచ్చు. కాని డచ్చివాడి పేరు చెప్పగానే లండన్ కంపెనీ జమాఖర్చుల పుస్తకం మన కళ్ళ ముందునుంచి మాయమైపోతుంది. అసలు కథంతా ఆ పుస్తకంలోనే వుంది.

ఆ కంపెనీ ఏర్పడిన సంవత్సరం 1858. తిరుగుబాటు అణచివేత తరువాత ఈస్టిండియా కంపెనీ పాలన రద్దయి విక్టోరియా రాణి పాలన మొదలైన సంవత్సరం. 1839లో ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ను పదవి నుంచి తొలగించి కలుపుకున్న కర్నూలు ప్రాంతం, పక్క జిల్లాల తాలూకాలు కొన్ని చేరి, జిల్లాగా ఏర్పడింది కూడా 1858లోనే. ఒక కంపెనీ పోయింది, యింకొక రకం కంపెనీ వచ్చింది. పాత కంపెనీ రాజ్యం చేసి లాభం తీసుకున్నది. కొత్త కంపెనీకి రాజ్యం అక్కరలేదు, రాజ్యమే దాని లాభానికి పూచీ పడింది.

ఆ పూచీ యేమిటో కాస్త వివరంగా చూడాలి. కంపెనీ మూలధనం పది లక్షల పౌన్లు. దాని మీద యేటా నూటికి అయిదు చొప్పున వడ్డీకి ప్రభుత్వం హామీ యిచ్చింది. కాలువలో నీళ్ళు పారినా పారకపోయినా, పడవ నడిచినా నడవకపోయినా, లండన్లోని వాటాదారుకు తన అయిదు శాతం ముట్టవలసిందే. అంటే ఏటా యాభై వేల పౌన్లు. రూపాయికి రెండు షిల్లింగుల లెక్కన అయిదు లక్షల రూపాయలు. ఇది చెల్లించేది ఎవరు? బ్రిటన్ ఖజానా కాదు, ఇండియా రెవిన్యూ. ఆ రెవిన్యూలో పెద్ద భాగం భూమిశిస్తు. పంట పండినా పండకపోయినా శిస్తు కట్టవలసిన రైతు, నీరు పారినా పారకపోయినా వడ్డీ తీసుకునే వాటాదారు, వీరిద్దరినీ కలిపిన కాలువ మరొకటి వుంది. అది కంటికి కనబడదు. పైగా 1870 దశకంలో వెండి ధర పడిపోయి రూపాయి విలువ తగ్గడంతో, అవే పౌన్లు చెల్లించడానికి మరిన్ని రూపాయలు కావలసి వచ్చాయి. వెనిస్ వర్తకుడి కథలో వడ్డీ వ్యాపారి గుండె దగ్గరి మాంసం అడుగుతాడు, న్యాయస్థానంలో ఓడిపోతాడు. ఇక్కడ న్యాయస్థానం కూడా వడ్డీ వ్యాపారిదే.

వాటాదారు యింత నిశ్చింతగా వున్నప్పుడు పొదుపుగా పని చేయించవలసిన అవసరం ఎవరికుంటుంది? పది లక్షల పౌన్లూ పని సగంలో వుండగానే ఖర్చయిపోయాయి. 1866లో ప్రభుత్వమే మరో ఆరు లక్షల పౌన్లు అప్పుగా యివ్వవలసి వచ్చింది. మొదట వేసిన పథకం చాలా పెద్దది. తుంగభద్ర పై భాగాన జలాశయాలు, అక్కడి నుంచి సీమ మీదుగా పెన్న వెంట నెల్లూరు దాకా, సముద్రతీరపు కాలువ దాకా ఒక జలమార్గం. ఆ మహా పథకంలో చివరికి మిగిలింది సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 190 మైళ్ళ కాలువ. 1871 నాటికి అది ముగిసింది. జలాశయాలు కట్టలేదు. సముద్రానికి కలపలేదు. తల లేదు, తోక లేదు, నడుము మాత్రం మిగిలింది.

తోక లేకపోవడం వల్ల పడవల వ్యాపారం నడవలేదు. కడప దాకా వచ్చిన పడవకు అక్కడి నుంచి పోయే దారి లేదు. దానికి తోడు మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు పోయే రైలుమార్గం కూడా 1871కే పూర్తయింది. ఆ రైల్వే కంపెనీకి కూడా ప్రభుత్వం హామీ వడ్డీ యిచ్చింది. అంటే ఒకే సర్కారు, ఒకే ప్రజల డబ్బుతో, ఒకే పట్టణానికి రెండు దారులు వేయించి, ఆ రెండింటి వాటాదారులకూ ఒకదానితో ఒకటి పోటీపడి నష్టపోయినా లాభం పూచీపడింది. దీనిని ప్రణాళిక అనడానికి నోరు రాదు. 

ఇక్కడ కాటన్ దొర ప్రసక్తి తప్పదు. ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి జిల్లాలలో ఆయన సంకల్పంలో స్మరించుకునే దేవుడయ్యాడు. తుంగభద్ర పథకాన్ని ప్రతిపాదించి, దానికోసం వాదించినవాడు కూడా ఆయనే. గోదావరి ఆనకట్ట కట్టింది ప్రభుత్వం, కె.సి. కాలువ తవ్వింది హామీ వడ్డీ కంపెనీ. ఆలోచన ఒక మనిషిదే, ఫలితాలు వేరు. డెల్టాలో వాలు సహాయం చేసింది, ఒండ్రు నేల సహాయం చేసింది. సీమలో రాతి నేలను కొట్టి, వాగులను దాటించి తేవలసి వచ్చింది. కాని భూగోళం ఒక్కటే కారణం కాదు. రైల్వేలకన్నా నీరే యీ దేశానికి ముఖ్యమన్న కాటన్ వాదంలో నిజముంది. 1878లో పార్లమెంటు సంఘం ముందు కూడా ఆయన ఆ మాటకే కట్టుబడ్డాడు. తన నీటిని లాభాపేక్షగల పెట్టుబడి చేతికి అప్పగిస్తే అది నీరుగా మిగలదన్న సంగతి మాత్రం ఆయన గ్రహించినట్టు కనబడదు. ఇండియాలో ప్రభుత్వ ప్రజాపనుల శాఖ నిర్లక్ష్యానికి గురైందని మార్క్స్ 1853లోనే రాశాడు. ఆ తరువాత ఆ పనులు మొదలైనప్పుడు అవి యే రూపంలో మొదలయ్యాయో చెప్పడానికి మన కాలువ చక్కని ఉదాహరణ. ఒరిస్సాలో మరో ప్రైవేటు కాలువల కంపెనీ అంతకు ముందే చేతులెత్తేసింది. ఈ రెండు అనుభవాలతో నీటిపారుదలకు ప్రైవేటు కంపెనీల పద్ధతికి ఇండియాలో తెరపడింది. 1882లో ప్రభుత్వం కె.సి. కాలువను కంపెనీ నుంచి కొనేసింది. రైతు డబ్బుతో వడ్డీ కట్టిన కాలువను, రైతు డబ్బుతోనే మళ్ళీ కొన్నారు.

ఇక అసలు చిక్కు ప్రశ్నకు వద్దాం. కరువు సీమలో కాలువ వస్తే రైతులు ఎగబడి నీళ్ళు తీసుకోవాలి. కాని తీసుకోలేదు. తెల్లదొరల నివేదికల్లో దీనికి ఒకటే కారణం: రైతు మూర్ఖుడు, సోమరి, కొత్తదాన్ని నమ్మనివాడు. ఈ మాట చాలాకాలం మన చరిత్ర పుస్తకాల్లోనూ వినబడింది. నంద్యాల లోయలోని నల్లరేగడి గురించి తెలిసిన సేద్యగాడెవరూ యీ మాట అనడు. ఆ నేల ఒక మంచి వాన తాగితే నెలల తరబడి పదును పట్టి వుంచుతుంది. జొన్న, కొర్ర, పత్తి ఆ పదునులోనే పండుతాయి. అదే నేలకు కాలువ నీళ్ళు పెట్టితే బురదై, మురుగు నిలిచి, మెట్ట పైరు కుళ్ళుతుంది. మాగాణిగా మార్చాలంటే చేను చదును చెయ్యాలి, గట్లు పొయ్యాలి, మురుగు కాలువలు తియ్యాలి, ఎద్దులను మార్చాలి. ఆ పెట్టుబడి రైతు దగ్గర లేదు, కంపెనీ యివ్వదు. ఆపైన నీటితీరువా. వాన కురిసిన ఏడు యీ తీరువా దండగ. వాన లేని ఏడు తుంగభద్రలోనూ నీరు తక్కువే, ఎందుకంటే పైన నిలువ చేసే జలాశయం లేదు. ఈ లెక్క వేసుకున్న రైతు నీళ్ళు వద్దన్నాడు. అది మూర్ఖత్వం కాదు, తన నేల సంగతి తెలిసినవాడి జమాఖర్చు. లండన్ జమాఖర్చుకు ఎదురుగా నిలిచిన ఏకైక జమాఖర్చు అది.

అదే నల్లరేగడిలో నేడు వరి పండుతున్నది. కర్నూలు సోనా బియ్యం పేరు చెప్పి హైదరాబాదులో, బెంగుళూరులో అమ్ముతున్నారు. మారింది రైతు బుద్ధి కాదు. చేలు మడులయ్యాయి, తుంగభద్ర డ్యాము వచ్చింది, పరపతి వచ్చింది.

ఇప్పుడు 1876. ధాత నామ సంవత్సరం. సీమలో ముసలివాళ్ళు ధాత కరువు అని చెప్పుకున్నది ఆ కరువునే. మరుసటి ఏడు ఈశ్వర. రెండు వానకాలాలు వరసగా ఎగ్గొట్టాయి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. మద్రాసు రాజధానిలో యింత దెబ్బతిన్న జిల్లాలు అరుదు. ఈ చావులు ఎక్కడ జరిగాయి? కె.సి. కాలువ తవ్వడం పూర్తయి అయిదేళ్ళు దాటిన జిల్లాలో. ఆ ఏడు, అంతవరకు నీళ్ళు వద్దన్న రైతులే కాలువ కోసం పోటీపడ్డారు. కాలువ కింద సాగు ఒక్కసారిగా పెరిగింది. కాని కాలువ పోయే దారిలో వున్న వూళ్ళెన్ని, దానికి దూరంగా వున్న వూళ్ళెన్ని? పత్తికొండ, డోన్ వైపు మెట్ట గ్రామాలకు ఆ కాలువ వుందన్న వార్త తప్ప నీరు రాదు.

కరువు పనుల కింద సర్కారు యిచ్చిన కూలి సంగతి మన కథకులు మళ్ళీ మళ్ళీ చదవవలసినది. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి పనివాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన స్వల్పంగా నగదు చాలునని నిర్ణయించాడు. ఒక పౌను అంటే మన లెక్కలో 450 గ్రాములు. రాళ్ళు కొట్టి మట్టి మోసే మనిషికి యిచ్చింది యింత. మద్రాసులో దీనిని వ్యతిరేకించిన ఇంగ్లీషువాళ్ళు కూడా వున్నారు. పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో రాసిన కరువు చరిత్ర అందుకు సాక్ష్యం. అదే రోజుల్లో కోస్తాలో కరువు కూలీల చేత తవ్వించిన కాలువకు గవర్నరు బకింగ్హాం పేరు పెట్టారు. మన కె.సి. కాలువ కలవవలసిన సముద్రతీరపు కాలువ అదే. అంటే సీమ నుంచి పోవలసిన పడవ పోలేదు గాని, ఆ పడవ చేరవలసిన రేవు దారిని ఆకలిగొన్నవాళ్ళు తవ్వారు.

మన జానపదం యీ కాలాన్ని యెలా గుర్తుంచుకున్నదో చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. ధాతకు పదేళ్ళ ముందు, 1866 కరువులో వుయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గాదెలు తెరిచి అన్నం పెట్టాడు. ఆయన పాట యిప్పటికీ సీమలో వినబడుతుంది. పెట్టిన చేతిని జనం మరచిపోలేదు. మంచిదే. కాని అదే దశకంలో సుంకేసులలో రాళ్ళు పేర్చినవాళ్ళు, మిట్టకందాల దగ్గర కృష్ణా పెన్నా లోయల మధ్య గట్టును చీల్చి తుంగభద్రను ఇవతలికి మళ్ళించినవాళ్ళు, తరతరాలుగా మట్టి పని చేసే వడ్డెలూ, పలుగూ పారా పట్టిన మాలమాదిగలూ పాటలోకి యెక్కలేదు. దాత పాటయ్యాడు, కూలీ లెక్కల్లో సంఖ్య కూడా కాలేదు. 

మిట్టకందాల గురించి యింకొక మాట. నదుల అనుసంధానం అనే మాట యీ మధ్య కొత్త ఆవిష్కరణలాగా వినిపిస్తున్నది. కృష్ణా పరీవాహకంలోని నీటిని పెన్నా పరీవాహకంలోకి తేవడం న్యాయమా అని దశాబ్దాల తరబడి వాదాలు జరిగాయి. 1871 నాటికే ఆ పని జరిగిపోయింది. 1970 దశకంలో బచావత్ ట్రిబ్యునల్ యీ కాలువకు 39.9 టి.ఎం.సి.ల నీటిని కేటాయించింది. అందులో 10 టి.ఎం.సి.లు తుంగభద్ర డ్యాము నుంచి, మిగిలింది నదిలో వచ్చే ప్రవాహం నుంచి. అంటే నాలుగింట మూడు వంతులు నది దయ. 1860లలో కట్టకుండా వదిలేసిన జలాశయాల నీడ యీ అంకెల్లో కూడా వుంది. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము 1953లో నీళ్ళు వదిలింది. అదే సంవత్సరం అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. రాజధాని మూడేళ్ళే వుంది. శ్రీబాగ్ ఒడంబడికలో 1937లో సీమకు యిచ్చిన నీటి హామీ అంతకాలం కూడా నిలవలేదు. లండన్ వాటాదారుకు యిచ్చిన హామీ మాత్రం చివరి పౌను దాకా చెల్లింది. ఈ రెండు హామీలనూ పక్కపక్కన పెట్టి చూసిన చరిత్రకారులు తక్కువ.

సాహిత్యం సంగతికి వస్తాను. సీమ సాహిత్యమంటే కరువు సాహిత్యమన్న గుర్తింపు వచ్చింది. ఇది గౌరవమే. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో రంగన్న, గంగమ్మల బతుకు చదివి కదలనివాడు లేడు. కేతు విశ్వనాథరెడ్డి కడప పల్లెల మనుషుల్ని వాళ్ళ భూమి సంబంధాలతో సహా నిలబెట్టాడు. వారి బాటలో యెందరో రాశారు, రాస్తున్నారు. కాని కరువును రాసేటప్పుడు మనవాళ్ళలో చాలామంది ఆకాశం వైపు చూసి రాస్తారు. మేఘం రాలేదు, చెరువు ఎండింది, బావి అడుగంటింది, ఎద్దును సంతకు తోలారు. ఇవన్నీ నిజాలే. వీటికి సమాంతరంగా, ఆ ఎండిన చెరువుకు రెండు కోసుల దూరంలో నిండుగా పోయే కాలువ ఒకటి వుంది. అది ఎవరి పొలంలోకి మళ్ళింది, తూము దగ్గర రాత్రి ఎవరు కాపలా వున్నారు, చివరి భూమికి నీరు రాకముందే పై భూమిలో మూడో పంట ఎలా వచ్చింది అన్నవి కథలు కావలసిన సంగతులు. కరువును ప్రకృతి చేసిన అన్యాయంగా మాత్రమే చూస్తే మనకు మిగిలేది దుఃఖం. నీటికి యజమానులున్నారని చూస్తే పాత్రలు దొరుకుతాయి, సంఘర్షణ దొరుకుతుంది, నవల దొరుకుతుంది.

మన యువ రచయితలు ఆయకట్టు వెంట నడిచి చూడాలి. కాలువ మొత్తం ఆయకట్టు 2 లక్షల 65 వేల ఎకరాలు. అందులో పాత కర్నూలు జిల్లా వాటా 1 లక్షా 73 వేలు, కడప జిల్లా వాటా 92 వేలు. 2022 జిల్లాల విభజన తరువాత ఆ కర్నూలు వాటాలో పెద్ద భాగం నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. 1996లో జపాను అప్పుతో కాలువ ఆధునికీకరణ మొదలయింది. హామీ వడ్డీ కాలం పోయింది, అప్పుల కాలం వచ్చింది. బనకచర్ల దగ్గర కృష్ణా నీరు యీ కాలువలో కలిసే ఏర్పాటు జరిగింది. పడవలు పోయి చాలా కాలమైంది. 

నంద్యాల దాటాక యీ కాలువ అన్ని చోట్లా తవ్విన కాలువగా వుండదు. వాగుల్లో పడి, కుందూ నదిలో కలిసి, ఏరుగా ప్రవహించి, రాజోలి ఆనకట్ట దగ్గర మళ్ళీ కాలువ అవుతుంది. మిగిలిన నీరు కుందూతో పాటు పెన్నలో కలుస్తుంది. కడప సమీపాన ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గర ఆ పెన్న నీటినే కడప కాలువలోకి మళ్ళిస్తారు. అక్కడి దాకా వచ్చేసరికి ఆ నీటిలో తుంగభద్ర ఎంత, కుందూ ఎంత, పెన్న ఎంత అని చెప్పడం ఇంజనీరుకే కష్టం. చివరి తూము కింద వున్న రైతు ఆ లెక్క అడగడు. ఈ పూట వస్తుందా, రేపు వస్తుందా అని లస్కరును అడుగుతాడు.